పసివాళ్ళ వాయి

మా బావ కుడిచెయ్యి మా బావ మాట వినదు. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే మా అక్క కనిపెట్టింది, నేను కాస్త ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎక్కడ గుడ్డ కనిపించినా ఆ చెయ్యి ఊరుకోదు. ఒకసారి బస్సులో పక్కసీటు పెద్దాయన కునుకు తీస్తుంటే ఆయన భుజం మీది తువ్వాలు జారి బావ వైపు పడింది. ఆయన కళ్ళు తెరిచేసరికి అది అంచుకి అంచు కలిసి, మడతలు పడి, ఆయన ఒళ్ళోనే ఉంది. దిగాల్సిన చోటు దాటిపోతున్నా పాపం ఆయన ఆ మడత వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంకోసారి ఒక విందులో, వడ్డన మొదలుకాకుండానే బల్ల మీది గుడ్డని మడవబోయి అక్క చేత మోచేతి పోటు తిన్నాడు. "ఏంటి బావా ఇది?" అంటే తన చేతిని తనే కొత్తగా చూసుకుని, "నన్నెందుకంటావు, దాన్నడుగు" అంటాడు.

ఆ చెయ్యి చేసిన ఒక పొరపాటు గురించి చెప్పాలని ఎన్నాళ్ళుగానో నా నాలుక దురద పెడుతోంది. ఎవరికీ చెప్పొద్దని బావ నా చేత ఒట్టు వేయించుకోబోయాడు. నేను వ్యాన్ స్టార్ట్ చేసుకుని తప్పించుకున్నాను.

మేం ముగ్గురం ఒకే లాండ్రీలో పని చేస్తాం. బావ ఉతుకుడు షెడ్డుకి మేస్త్రీ, అక్క మడతల హాలుకి పెద్ద, ఆమె చెల్లెల్ని నేను వ్యాన్ డ్రైవర్ని. లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టు అనుకునేరు. పొడుగాటి రేకుల షెడ్డు, వరసగా మిషన్లు, పైపుల్లోంచి ఎప్పుడూ బుస్సుమంటూ ఆవిరి. మిషన్లన్నిటిలోకీ పెద్దదాన్ని మేం ఏనుగు అంటాం. దాని గుండ్రటి గాజుతలుపు ముందు నిలబడితే మనిషి నడుం పైభాగమంతా అందులో కనిపిస్తుంది. మా పనిలో ఎక్కువ భాగం స్టేషన్ పక్కనున్న పెద్ద హోటల్‌ది. ఆ హోటల్ దుప్పట్ల మూలన ఎర్రదారం కుట్టు ఉంటుంది. ఊరికి అటు చివరనున్న ప్రసూతి ఆస్పత్రి బట్టలకి నీలం కుట్టు. ఈ రెంటినీ కలిపి ఒకే వాయిలో వెయ్యడం మా దగ్గర మహాపాపం.

ఇంకో పద్ధతి ఉంది. రోజూ పొద్దున్నే ఏనుగులో పడే మొదటి వాయి పసిపిల్లల వార్డుది. కంపెనీ మొదలుపెట్టిన పెద్దావిడ పెట్టిన పద్ధతి అది. ఆవిడ తన పెరట్లో ఒక్క గంగాళంతో ఆ ఆస్పత్రి బట్టలే ఉతుకుతూ మొదలుపెట్టింది. "పొద్దున పట్టిన తేటనీళ్ళు కొత్తగా పుట్టినవాళ్ళవి, మిగతావాళ్ళు తర్వాత" అనేదట. బావ మీసాలు సరిగ్గా రాకముందే ఆవిడ దగ్గర చేరాడు. అప్పటినుంచీ పొద్దున్నే ఆ నీలం కుట్టు గుడ్డల్ని మిషన్లో వేస్తూనే ఉన్నాడు. పెద్దావిడ పోయింది, గంగాళం పోయింది, చెయ్యి మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు కంపెనీ చూస్తున్నది పెద్దావిడ కూతురు. పెద్ద చదువులు చదివి వచ్చింది. ఆవిడ నోరు తెరిస్తే మొదట వచ్చే మాట "ఒకవేళ". ఒకవేళ కరెంటు పోతే ఏం చేస్తాం? ఒకవేళ బాయిలర్ ఆగిపోతే? ఒకవేళ వ్యాన్ మధ్యదారిలో మొరాయిస్తే? ఈ చివరిది నాకు నేరుగా తగిలింది కాబట్టి ఆవిడకి ఒకవేళ మేడమ్ అని పేరు పెట్టిన ఘనత నాదే. షెడ్డు మీద ఉన్న ట్యాంకు చాలదన్నట్టు పక్కనే ఇంకో ట్యాంకు కట్టించి, దాని వాల్వుకి తాళం వేయించింది. ఆ నీళ్ళు ఎవరూ ముట్టుకోకూడదు. మేమంతా చాటుగా నవ్వుకున్నాం. బాయిలర్ చూసుకునే పెద్దాయన, మా బాయిలర్ తాత అయితే అది మేడమ్ ఈత నేర్చుకోవడానికి కట్టించిందని ప్రచారం చేశాడు.

ఒక మధ్యాహ్నం మమ్మల్నందర్నీ ఏనుగు ముందు కూర్చోబెట్టి, గోడకి బోర్డు తగిలించి, దాని మీద "మన కంపెనీ ఎందుకు ఉంది?" అని రాసింది. ఒక్కొక్కరూ చెప్పాలి. బాయిలర్ తాత, మా ఇంటికి దగ్గర కాబట్టి అన్నాడు. అక్క చాలాసేపు నీళ్ళు నమిలి, మీరు పెట్టుకున్నారు కాబట్టి అంది. బావ వంతు వచ్చింది.

"బట్టలు మాసిపోతాయి కాబట్టి మేడమ్" అన్నాడు.

అందరం పడీ పడీ నవ్వాం. మేడమ్ కూడా నవ్వింది, కానీ బోర్డు మీద ప్రశ్న కింద ఏమీ రాయలేదు. "ఆలోచిద్దాం" అని ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

గాలివాన వచ్చింది ఆ తర్వాతే. ఒక రాత్రంతా ఊరిని పట్టి ఊపింది. తెల్లారి పనికి వచ్చేసరికి కరెంటు లేదు. కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. వంతెన దగ్గర నేల కుంగి ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు పగిలిపోయిందట, బాగవ్వడానికి ఇవాళంతా పడుతుందట. షెడ్డు మీది మామూలు ట్యాంకు గాలికి పక్కకి ఒరిగి ఖాళీ అయిపోయింది. మేడమ్ కట్టించిన ఈత ట్యాంకు మాత్రం చెక్కుచెదరలేదు. బాయిలర్ తాత దాని వైపు చూసి, మేడమ్ వైపు చూసి, తల వంచుకుని బాయిలర్ వెలిగించడానికి వెళ్ళిపోయాడు.

కరెంటుకి జనరేటర్ ఉంది. ట్యాంకులో నీళ్ళు ఏనుగుకి ఒక్క వాయికి సరిపోతాయి, అంతే. ఏ వాయి అన్నదే ప్రశ్న.

హోటల్‌లో ఆ మధ్యాహ్నం ఏదో పెద్ద బృందం దిగబోతోంది. వాళ్ళ దుప్పట్లన్నీ మా దగ్గరే మాసిపోయి పడున్నాయి. పోయిన నెలలో నా వ్యాన్ మొరాయించి ఒకసారి ఆలస్యమైనప్పుడే హోటల్ మేనేజరు తెగేసి చెప్పాడు, ఇంకొక్కసారి ఇలా జరిగితే పని ఊరి బయటున్న పెద్ద లాండ్రీకి ఇచ్చేస్తానని. ఆ హోటల్ పోతే కంపెనీకి తాళమే. తాళం పడితే మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి రోడ్డున పడతాం. మేడమ్ ముందు ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఫోనెత్తినాయన, మా స్టోర్లో ఉతికిన బట్టలు బోలెడున్నాయి, కంగారేమీ లేదన్నాడు. అప్పుడు మేడమ్ ఒక నిర్ణయానికి వచ్చింది.

"ఈ ఒక్కరోజుకి హోటల్‌ది ముందు" అంది బావతో. "మీకు కష్టంగా ఉంటుందని తెలుసు."

"కష్టమేముంది మేడమ్. వాళ్ళకి ఉన్నాయంటున్నారుగా" అన్నాడు బావ. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

మేడమ్ వాల్వు తాళంచెవి ఇచ్చి జనరేటర్ దగ్గరికి వెళ్ళింది. ఏనుగుకి ఎడమవైపు ఎర్రకుట్టు దుప్పట్ల ట్రాలీలు. కుడివైపు, రోజూ సాయంత్రం బావ ఇంటికెళ్ళే ముందు సిద్ధం చేసి పెట్టే నీలం కుట్టు చిన్నగుడ్డల ట్రాలీ. జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోత మొదలుపెట్టింది. నేను వ్యాన్ వెనక తలుపుకి నూనె పెడుతున్నాను. బావ వాల్వు తిప్పాడు, తలుపు తెరిచాడు, నింపాడు, మూశాడు, బొత్తాం నొక్కాడు. ఏనుగు కదిలింది. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. అక్క మడతల హాల్లోంచి పరిగెత్తుకొచ్చి చూస్తోంది.

చూస్తుండగానే ఆమె మొహం మారిపోయింది. "ఏమండీ" అంది. "అవేంటండీ?"

గాజుతలుపు వెనక అరచేతుల్లో పట్టేంత గుడ్డలు, నురగలో గిరగిరా తిరుగుతున్నాయి.  బావ చూశాడు, ఎడమవైపు నిండుగా నిలబడ్డ ఎర్రకుట్టు ట్రాలీల్ని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. బోర్లించిన బుట్ట మీద అలాగే కూలబడ్డాడు. ఆపి లాభం లేదు, సబ్బు కలిసిపోయింది, నీళ్ళు ఏనుగు కడుపులోకి వెళ్ళిపోయాయి. మేడమ్ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఒకవేళ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ తర్వాత ఆవిడ దగ్గర ఇంకేమీ లేకపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"నేను వెయ్యలేదు మేడమ్, నా చెయ్యి వేసేసింది" అన్నాడు బావ. వేరేవాళ్ళంటే నవ్వొచ్చే మాట. ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి మేడమే తేరుకుంది. "ఉతికినవాటిని తడిగా వదిలేస్తే ముక్కిపోతాయి. ఆరబెట్టండి, మడవండి, ఆస్పత్రికి ఇచ్చేసి రండి. హోటల్‌కి నేను ఫోన్ చేసి చెప్పుకుంటాను."

"ఫోన్ వద్దు మేడమ్" అన్నాడు బావ. "నేనే వెళ్ళి చెప్తాను. పొరపాటు చేసినవాణ్ణి పనిలోంచి తీసేశారని చెప్తాను. అప్పుడైనా ఆయన మెత్తబడతాడేమో."

మేడమ్ ఏదో అనబోయింది, వినకుండా బావ డ్రయ్యర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్క ఆ చిన్నగుడ్డల్ని మడిచింది. మూటలు వ్యాన్లోకి ఎక్కించాక నా దగ్గరికొచ్చి, "ఆయన నిజంగానే అలా చెప్తాడే, నువ్వు చెప్పనివ్వకు" అంది.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వంతెన సగం మూసేశారు. రైలుపట్టాల పక్క సందులో దూరితే అడ్డంగా చెట్టు. దిగి అరిచాను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, పళ్ళు తోముకుంటున్నవాళ్ళు తోముకుంటున్నట్టే వచ్చి కొమ్మలు పట్టి లాగారు. అంతమంది నురగ నోళ్ళతో ఒకేసారి ఊపిరి బిగబట్టడం నేనెప్పుడూ చూడలేదు. చెట్టు జరిగింది. నేను గేరు మార్చి, నీళ్ళ గుంటల్ని చీల్చుకుంటూ, హారన్ మీద చెయ్యి తియ్యకుండా పోనిచ్చాను. బావ మాత్రం పక్కసీట్లో హోటల్ మేనేజర్‌తో ఏం చెప్పాలో నోట్లో గొణుక్కుంటున్నాడు. మధ్యమధ్య నా శాలువా మడుస్తున్నాడు.

ఆస్పత్రి వెనక గేటు దగ్గర మడమల లోతు నీళ్ళు. మెట్ల మీద పసిపిల్లల వార్డు నర్సమ్మ నిలబడి ఉంది. మా వ్యాన్ చూసి, నమ్మలేనట్టు నోరెళ్ళబెట్టింది. స్టోర్ నేలమాళిగలో ఉందట. పొద్దున ఫోనెత్తినాయన తలుపు తెరిచి చూడకుండానే బోలెడున్నాయని చెప్పేశాడు. తెరిచి చూస్తే బీరువాలన్నీ బురదనీళ్ళలో తేలుతున్నాయి. నర్సమ్మ మమ్మల్ని లోపలికి లాక్కెళ్ళింది. వార్డులో ఒక పాప డాక్టరు కోటులో ఉంది, కోటు చేతులు రెండూ పాప చుట్టూ ముడివేసి ఉన్నాయి. ఇంకో బాబు ఎవరిదో స్వెట్టర్లో ఉన్నాడు. ఒక తల్లి తన బిడ్డకి రెండు చేతులే కప్పి కూర్చుంది.

నర్సమ్మ మూట విప్పి, ఒక గుడ్డ తీసి చెంపకి ఆనించుకుంది. "ఇంకా వెచ్చగా ఉన్నాయి" అంది.  "మేం వద్దంటే కూడా ఎవరు పంపించారండీ?"

"ఎవరూ పంపలేదమ్మా. పొరపాటున వచ్చాయి" అన్నాడు బావ తల దించుకుని.

నర్సమ్మ అయోమయంగా నా వైపు చూసింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బావని అక్కడే గట్టిగా పట్టుకోవాలనిపించింది, కానీ ఆయన అప్పటికే డాక్టరు కోటు ముడి విప్పి, పాపకి వెచ్చటి గుడ్డ చుడుతున్నాడు. ఆ చెయ్యి అంత నెమ్మదిగా పని చెయ్యడం ఆ రోజే చూశాను.

బయటికొచ్చి మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.  

"వాళ్ళకి బోరుందా?" అంది మేడమ్.

నర్సమ్మని అడిగాను. "ఉందట మేడమ్. వేసవికని పెట్టుకున్న మంచినీళ్ళ ట్యాంకర్ లారీ కూడా ఉందట. కానీ ఆపరేషన్ గదికి ఒక్క ఉతికిన గుడ్డ లేదట."

"ఒకవేళ," అంది మేడమ్. ఆ మాట వినగానే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. "ఒకవేళ వాళ్ళు ట్యాంకర్ నింపి మనకి పంపితే, నీళ్ళలో తడిసినవన్నీ మనం ఉతికిచ్చేస్తాం. పైన ట్యాంకులోకి ఎక్కించడమెలాగన్నదే..."

నేలమాళిగలో నీళ్ళు తోడడానికి వచ్చిన ఫైరింజన్ అక్కడే ఉంది. ట్యాంకులోకి ఎలా ఎక్కిస్తామని నేను నర్సమ్మని అడుగుతుంటే దాని పెద్దాయన విని, "మా పైపు మీ షెడ్డు మీదికి అందదా ఏంటి?" అన్నాడు. అంతే. కాసేపటికి ముందు ఫైరింజన్ కూత వేసుకుంటూ, వెనక ట్యాంకర్ లారీ, దాని నిండా నీళ్ళు, రోడ్డు మీద జనం పక్కకి తప్పుకుంటుంటే మా లాండ్రీ వైపు బయలుదేరాయి. నిప్పు లేకుండా ఫైరింజన్ని పిలిపించిన కంపెనీ మాదొక్కటేనేమో. మేం మాత్రం దాని వెనక వెళ్ళలేదు. "హోటల్‌కి పోనీ" అన్నాడు బావ.

హోటల్ మేనేజరు ముందుగదిలోనే దొరికాడు. మమ్మల్ని చూడగానే ఒంటికాలి మీద లేచాడు. ఊరి బయట పెద్ద లాండ్రీకి ఫోన్ చేశాడట. వాళ్ళకీ చుక్క నీరు లేదు, ఈత ట్యాంకూ లేదు. బావ ఆయన అరుపులన్నీ అయ్యేదాకా ఆగాడు. ఈలోగా ఆ చెయ్యి కౌంటర్ మీది తడితువ్వాలుని మడిచేసింది.

"సార్, మీ దుప్పట్లు వెయ్యమంటే నేను వేరేవి వేశాను. పొరపాటు నాదే. నన్ను పనిలోంచి..."

"తియ్యలేదు సార్" అన్నాను నేను అడ్డొచ్చి. "ఈయనే అనుకుంటున్నాడు."

"అవన్నీ నాకెందుకమ్మా, దుప్పట్లు ఎప్పుడిస్తారు?"

"సాయంత్రానికి" అన్నాడు బావ. ఒక్క క్షణం ఆగాడు.  ఆ నోటికి హోటల్‌దే ముందు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట అంటే మా కొలువులు నిలబడతాయని బావకి తెలియదా? "నీళ్ళొస్తున్నాయి సార్. కానీ ఆస్పత్రి బట్టలు ముందు. ఆపరేషన్ గది ఖాళీగా ఉంది. మీవి ఆ తర్వాత. పొద్దున జరిగింది పొరపాటు. ఇది మాత్రం తెలిసే చేస్తున్నాను, మీకు ముందే చెప్తున్నాను."

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. మా వైపు కాసేపు చూసి, పెదవి విరిచి, "సాయంత్రమంటే చీకటి పడకముందే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక బావ ఈ మాట మేడమ్‌కి చెప్పడానికి నానా తంటాలు పడ్డాడు. ఆవిడని అడక్కుండా ఆవిడ కంపెనీనే పందెం కాశాడు మరి. మేడమ్ విని పైపు వైపు చూసింది. షెడ్డు మీద ఫైరింజన్ పైపు ఈత ట్యాంకులోకి నీళ్ళు చిమ్ముతోంది. బాయిలర్ తాత తడిసి ముద్దై చిన్నపిల్లాడిలా కేకలేస్తున్నాడు. "సరే, కానివ్వండి" అంది మేడమ్. తనూ చేతులు పైకి మడుచుకుని ట్రాలీ తోసింది. ఆ రోజు షెడ్డులో నడిచినవాళ్ళు లేరు, అందరూ పరుగే. ఆస్పత్రి వాయి తర్వాత వాయి, ఆ తర్వాత హోటల్‌ది. అక్క మడిచే వేగానికి అందించేవాళ్ళు చేతులెత్తేశారు. నేను మధ్యాహ్నం ఆపరేషన్ గది బట్టలు దింపి, చీకటి పడకముందే హోటల్‌కి దుప్పట్లు చేర్చాను. మేనేజరు ఒక దుప్పటి మూల ఎత్తి ఎర్రకుట్టు చూసుకున్నాడు. మెచ్చుకోలేదు. "రేపు మామూలు టైముకేగా?" అన్నాడు. ఆ చిన్న మాట కోసం నేను ఆ మెట్ల మీదే గంతులేయబోయాను.

బోర్డు మీద ప్రశ్న కింద చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మేడమ్ రాయలేదు, మేమూ అడగలేదు.

మర్నాడు పొద్దున కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. మేం వెళ్ళేసరికి బావ ఏనుగు ముందు నిలబడి ఉన్నాడు. ఎడమవైపు ఎర్రకుట్టు, కుడివైపు నీలం కుట్టు. ఏనుగు తలుపు తెరిచే ఉంది. బావ చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. మేడమ్ వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

"ఏవి వెయ్యమంటారు మేడమ్?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకైతే కోపమే వచ్చింది, ఆ మనిషికి తన చెయ్యంటే తనకే భయమేసేలా చేసిన ఆ వాన మీద.  మేడమ్ చేతిసంచి కింద పెట్టి, నీలం కుట్టు ట్రాలీ లాక్కుని, ఒక చిన్నగుడ్డ తీసి ఏనుగులో వేసింది. ఇంకొకటి వేసింది. ఉండలు ఉండలుగా, చుట్టలు చుట్టలుగా వేస్తోంది.

బావ కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఆయన కుడిచెయ్యి మెల్లగా ముందుకొచ్చింది.

"అలా కాదు మేడమ్" అన్నాడు, ఆవిడ చేతిలోంచి గుడ్డ తీసుకుంటూ. "విదిలించి వెయ్యాలి."